దారి ఉందన్న పెట్టె

మంగళవారం మధ్యాహ్నం మూడు దాటి ఆరు నిమిషాలకి ఆఫీసులోని మూడు ఫోన్లూ ఒక్కసారే మోగడం మొదలుపెట్టాయి. హెలెన్ ఒక్కటీ ఎత్తలేదు. తెర మీదికి వంగి కూర్చుంది. కింద బెంజ్ సర్కిల్లో హారన్లు మోగుతున్నాయి, పైన ఫోన్లు మోగుతున్నాయి.

తెర మీద తప్పేమీ లేదు. అసలు భయం అదే.

విజయవాడ, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, తోట్లవల్లూరు. ఆరు ఊళ్ళు, ఊరికొకటి చొప్పున నెట్టుని దారి మళ్ళించే ఆరు లైనక్స్ పెట్టెలు. బందరు రోడ్డు వెంట ఒక ఫైబరు కిందికి వెళ్తుంది, కరకట్ట వెంట ఇంకొకటి పైకి వస్తుంది. రెండూ కలిసి పెద్ద చుట్టు. నిన్నటిదాకా ఏ పెట్టె ఏ వైపు పంపాలో హెలెన్ చేత్తో రాసి పెట్టేది. ఎక్కడైనా ఫైబరు తెగితే లైన్‌మన్ లాజరు ఫోన్ చేసేవాడు. "అమ్మా, బందరు రోడ్డు పక్క పోయింది, కరకట్ట మీదుగా తిప్పెయ్" అనేవాడు. ఆమె ఒక్కో పెట్టెలోకీ వెళ్ళి దారులు మార్చేది. పావుగంట పట్టేది. ఆ పావుగంటా ఊళ్ళు తిట్టుకునేవి.

ఈ రోజు పొద్దున పదకొండింటికి ఆ బాధ లేకుండా చేసింది. ఆరు పెట్టెల్లోనూ రూటింగ్ డీమన్ ఎక్కించింది. అది తెర వెనక నిద్రపోకుండా పనిచేసే ప్రోగ్రాము. పది సెకన్లకోసారి పక్కపెట్టెని పలకరిస్తుంది. నలభై సెకన్లు బదులు రాకపోతే ఆ పెట్టె పోయినట్టు లెక్క. తనకి తెలిసిన దారులు పక్కదానికి చెబుతుంది, పక్కది చెప్పినవి తను రాసుకుంటుంది. ఒక దారి మూసుకుపోతే రెండోదాన్ని తనే పట్టుకుంటుంది. మనిషి ఫోన్ చెయ్యక్కర్లేదు.

ఇప్పుడు ఆరు పెట్టెలూ ఒకదాన్నొకటి చక్కగా పలకరించుకుంటున్నాయి. పక్కవాళ్ళంతా ఉన్నారని ఆరూ చెబుతున్నాయి. దారులన్నీ వరసగా కనబడుతున్నాయి. కానీ ఉయ్యూరు నుంచి చల్లపల్లి దాకా బయటి ప్రపంచంలోకి ఒక్క చుక్క పోవడం లేదు.

అద్దాల గది తలుపు తెరుచుకుంది. బసవపున్నయ్య గారు గుమ్మంలో నిలబడ్డారు. ఒకప్పుడు గొడుగులాంటి డిష్ మేడ మీద పెట్టి వీధికి నాలుగు టీవీలు తిప్పిన మనిషి. ఇప్పుడు ఆరు ఊళ్ళకి ఇంటర్నెట్ యజమాని. ఆయన చేతిలో సెల్లు స్పీకర్లో ఉంది.

"పామర్రు కాలేజీ ప్రిన్సిపాల్ గారమ్మా. నూట పది మంది పిల్లలు ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోయారంట. ఏమైంది?"

"చూస్తున్నానండి."

"చూస్తున్నాననేది జబ్బు నయం చేసే మాట కాదమ్మాయ్."

భయపడ్డ మనిషి ఏం చేస్తుందో హెలెన్ అదే చేసింది. కారణం వెతకడం మానేసింది. ఆరు పెట్టెల్లోనూ డీమన్‌ని ఆపేసింది. దాచిపెట్టుకున్న పాత దారుల కాగితం తీసి, నిన్నటిలాగే ఒక్కొక్కటీ చేత్తో కొట్టింది. వేళ్ళు తడబడి రెండుసార్లు తప్పు కొట్టింది. అంతా తిరిగి వచ్చేసరికి నలభై ఒక్క నిమిషాలు పట్టింది.

ఈలోగా బసవపున్నయ్య గారు ప్రిన్సిపాల్‌ని లైన్లోనే ఉంచి, రెండో ఫోన్లో లాజరుని పట్టుకున్నారు. అదీ స్పీకర్లోనే.

"ఎక్కడున్నావురా?"

"కంకిపాడు కాలవ గట్టు మీదండి. జాయింట్ బాక్సులో చీమలు పట్టాయంటే విప్పి శుభ్రం చేశానండి."

"ఎన్నింటికి విప్పావు?"

"రెండున్నరకండి. మూడూ నాలుక్కి మూసేశాను."

"మూడూ ఆరుకి నెట్టు పోయింది." ఆయన రెండు ఫోన్లూ నోటికి దగ్గరగా తెచ్చుకున్నారు. "వింటున్నారా ప్రిన్సిపాల్ గారూ? మావాడు మూత బిగిస్తూ ఫైబరు నొక్కేశాడండి. పిల్లల భవిష్యత్తుతో ఆటలాడేవాణ్ణి నేను పెట్టుకోను. ఒరేయ్ లాజరూ, రేపట్నించి నువ్వు రావద్దు. ఫైబరు అతికే మెషిన్ తెచ్చి ఆఫీసులో పడెయ్."

అవతల కాసేపు గట్టు మీద లారీ పోయిన చప్పుడు వినబడింది.

"నేను నొక్కలేదండి," అన్నాడు లాజరు. ఆ మాటలో గట్టిదనం లేదు. తనకే నమ్మకం లేనట్టు అన్నాడు.

ఫోన్ కట్టయింది.

అయిదున్నరకి, ఆఫీసులో అందరూ టీకి దిగాక, హెలెన్ ఉయ్యూరు పెట్టె జరిగినవన్నీ రాసిపెట్టుకునే లాగ్ తెరిచింది. సెకన్లతో సహా ఉంది. మూడు గంటల అయిదు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లకి ఉయ్యూరులో కరెంటు పోయింది. విజయవాడలోది కాక, అక్కడ ఇంకో కంపెనీ నుంచి తీసుకున్న రెండో బయటి లైను ఒకటుంది. కరెంటుతోపాటు అదీ పోయింది, పెట్టె మాత్రం బ్యాటరీ మీద నిలబడింది. పోతే పోయింది, ఆ మాట పక్కవాళ్ళకి చెబితే అందరూ విజయవాడ వైపు తిరిగేవాళ్ళు. చెప్పలేదు. చెప్పకుండా చేసింది తనే.

పొద్దున డీమన్ ఎక్కించిన గంటకే, ఆ ఉయ్యూరు లైను కరెంటు వచ్చి పోయినప్పుడల్లా కొట్టుకుంటోందని, ఆరు పెట్టెలూ గంటకి పదిసార్లు కంగారు పడుతున్నాయని, సెట్టింగుల్లో ఒక వరస చివర ఒక్క మాట చేర్చింది. దాని అర్థం ఇది: నీకు దారి ఉన్నా లేకపోయినా, ఉందనే చెప్పు. నాలుగు రోజులు నోరు మూసుకుంటుంది, తర్వాత తీరిగ్గా సరిచేద్దాం అనుకుంది. కరెంటు కోతలతో వేగే ఊళ్ళో పని గడుపుకోవడానికి ఎవరైనా చేసే పనే.

ఉయ్యూరు చచ్చిపోయిన లైను ముందు నిలబడి, నా దగ్గర దారుంది రండి రండి అని పిలిచింది. పామర్రు నమ్మింది. చల్లపల్లి నమ్మింది. వచ్చినవన్నీ వచ్చినట్టే గోతిలో పడ్డాయి.

లాజరు ఏమీ నొక్కలేదు.

హెలెన్ తెర ఆపేసింది. మళ్ళీ వెలిగించింది. ఆ వరస అక్కడే ఉంది. ఆమెని పనిలోకి తీసుకుని మూడు నెలలు కావస్తోంది. పర్మనెంట్ చేస్తారో లేదో శుక్రవారం చెబుతానన్నారు. తేలు కుట్టిన దొంగలా పెదవి కొరుక్కుని బ్యాగ్ సర్దుకుంది.

బుధవారం పొద్దున లాజరు స్ప్లైసింగ్ మెషిన్ తెచ్చాడు. యాభై నాలుగేళ్ళవాడు, సన్నగా, కాలవ గట్ల ఎండకి కాగిన మనిషి. మెషిన్‌ని బల్ల మీద పెట్టి పనిముట్ల పెట్టె తెరిచాడు. గాజుపోగు కోసే కత్తి, తొక్క ఒలిచే స్ట్రిప్పరు, స్పిరిట్ సీసా, ఒక్కొక్కటీ తుడిచి దాని గుంటలో దాన్ని పెట్టాడు. ఎవరూ అడగలేదు. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"లెక్క చూసుకో అమ్మా. అతుకు మీద తొడిగే స్లీవులు నలభై రెండున్నాయి."

"నాకెందుకు బాబాయ్ లెక్క."

"రేపు అదీ తగ్గిందంటారు." నవ్వబోయాడు, రాలేదు. "నీ కొత్త పెట్టెలు ఎట్టా పనిచేస్తాయమ్మా? పొద్దున మన లైన్‌మన్ అంతోనీ చెప్పాడు, అయ్యే మాట్టాడుకుంటాయంట?"

మాట్లాడకపోతే ఇంకా అనుమానంగా ఉంటుందని హెలెన్ చెప్పుకొచ్చింది. పక్కదాన్ని అడిగి పక్కది తెలుసుకుంటుందనీ, ఎవరి దగ్గర దారి ఉంటే అటు పంపుతుందనీ చెప్పింది.

"మా నాయన బందరు కాలవ మీద లాకు తలుపులు చూసే లస్కరు," అన్నాడు లాజరు కత్తిని గుంటలో నొక్కుతూ. "పై లాకు లస్కరు మనిషిని పంపి, నీళ్ళొదిలాను అంటే చాలు, మా నాయన కింద తలుపులెత్తేవాడు. కంటితో చూసేవాడు కాదు. మాట మీదే. అంతేనా?"

"అంతే."

"మరి ఒకడు నీళ్ళు లేకపోయినా ఉన్నాయన్నాడనుకో?"

హెలెన్ చేతిలో పెన్ను కింద పడింది. తీసుకోవడానికి వంగి, ఆ బల్ల కిందే కాసేపు ఉండిపోయింది. ఈ మనిషికి తెలుసు. తెలిసే అడుగుతున్నాడు అనుకుంది. పైకి లేచి చూస్తే లాజరు ఆమె వంక చూడటం లేదు. పెట్టె మూత వేసి, దాని మీద అరచెయ్యి ఆనించి, పశువుని కట్టేసి వెళ్ళే రైతులా నిలబడి ఉన్నాడు.

"కింది పొలాలు ఎండుతాయి బాబాయ్," అంది.

"ఎండితే తన్నులు తినేది కింద లస్కరే," అన్నాడు. అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

బసవపున్నయ్య గారు గదిలోంచి కేకేశారు. "అమ్మాయ్, రేపు మళ్ళీ ఎక్కించు నీ డీమన్‌ని. ఈసారి గట్టు మీద బాక్సులు విప్పేవాడు లేడు."

ఆ రోజంతా హెలెన్ ఆ ఒక్క మాట చెరిపేసి, చెరిపింది చెరిగిందో లేదో పదిసార్లు చూసుకుంది. పరీక్షకి మాత్రం కాసేపు డీమన్‌ని లేపి, లైన్‌మన్ అంతోనీని ఉయ్యూరు పంపింది. ఇరవై ఆరేళ్ళవాడు, నోరు పెద్దది, చెయ్యి మంచిది.

"పీకనా అక్కా?" అన్నాడు ఫోన్లో.

"పీకు."

ఉయ్యూరు బయటి లైను ఊడింది. పామర్రు పెట్టె రెండు క్షణాలు ఆగి, విజయవాడ వైపు దారి రాసుకుంది. అంతోనీ మళ్ళీ పెట్టాడు, ఆమె మళ్ళీ పీకించింది. పదకొండుసార్లు.

"అక్కా, ప్లగ్గు అరిగిపోద్ది. నిన్న ఇట్టా పీకి చూసుంటే లాజరు మావ ఉజ్జోగం ఉండేది కదా," అన్నాడు వాడు నవ్వుతూ. వాడికేమీ తెలియదు. ఊరికే అన్నాడు. హెలెన్ ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కుంది.

గురువారం పదకొండింటికి డీమన్ మళ్ళీ లేచింది. ఒంటిగంట దాకా ఆమె కుర్చీ కదల్లేదు. రెండింటికి ఉయ్యూరులో కరెంటు పోయింది. ఒక్క ఫోనూ మోగలేదు. ఆమె తప్పు ఎక్కడుందో ఇప్పుడు ఏ అనుమానమూ లేకుండా తేలిపోయింది.

మూడింటికి తల నొప్పని చెప్పి స్కూటీ తీసింది. యనమలకుదురు దాటి కరకట్ట ఎక్కింది. ఎడమ పక్క అరటి తోటలు, కుడి పక్క లంకల్లోకి దిగే బాటలు. చెప్పాల్సిన మాటని దారి పొడుగునా నోట్లో పేర్చుకుంది. తోట్లవల్లూరు దాటేసరికి ఆ పేర్చింది కాస్తా చెదిరిపోయింది.

లాజరు ఇంటి రేకుల పంచలో అతని భార్య మణెమ్మ పసుపు కొమ్ములు ఏరుతోంది. హెలెన్‌ని చూసి చేట పక్కన పెట్టింది. "రామ్మా. ఆఫీసు నించేనా? మళ్ళీ రమ్మన్నారా?"

ఆ ఆశ చూసి హెలెన్‌కి వెనక్కి తిరిగి పోవాలనిపించింది.

లాజరు లోపల్నించి లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. చేతిలో అట్ట చిరిగిన చిన్న పుస్తకం. ఆమె కూర్చోకముందే విప్పి చూపించాడు. జాయింట్ మూసిన ప్రతిసారీ టైమూ, మీటర్లో వచ్చిన లైటు లెక్కా రాసుకుంటాడు. మంగళవారం: 3.04, మైనస్ పందొమ్మిది.

"ఇది మంచి లైటేనా కాదా చెప్పమ్మా. నువ్వు చదువుకున్నదానివి. ఫోటో తీసి సారుకి పంపాను. చూశాడు, ఏమీ అన్లేదు. ఆయనకి అర్థం కాలేదేమో. నువ్వొక మాట చెబితే…"

"మంచి లైటే."

"మంచిదే కదా! కానీ కొలిచింది మూత బిగించక ముందు. బిగించేటప్పుడు పోగు మడతబడిందేమోనని…" ఆగిపోయాడు.

మణెమ్మ అందుకుంది. "రెండ్రోజులుగా అంతేనమ్మా. ముద్ద నోటిదాకా ఎత్తి చెయ్యి చూసుకుంటాడు. వణుకుతోందా మణీ, చూడు అంటాడు. పద్నాలుగేళ్ళు గాజు వెంట్రుకలు అతికిన చెయ్యి. వణకట్లేదయ్యా అంటే నమ్మడు."

ఆమె లోపలికెళ్ళి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. ఆ గ్లాసు హెలెన్ చేతికి అందే లోపే మాట బయటపడింది.

"మీ చెయ్యి కాదు బాబాయ్. నాది."

గ్లాసు మధ్యలో ఆగింది.

హెలెన్ మొత్తం చెప్పింది. ఉయ్యూరు కరెంటు, తను చేర్చిన మాట, దారి లేకపోయినా ఉందన్న పెట్టె. మంగళవారం సాయంత్రమే తెలిసిందని కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు నేల చూసింది.

లాజరు రెండు చేతులూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వేళ్ళు విడదీసి చూశాడు. తర్వాత గట్టిగా ఊపిరి వదిలాడు.

"అయితే వణకలేదు," అన్నాడు భార్యతో.

మణెమ్మ మజ్జిగ గ్లాసుని గడప మీద పెట్టింది. ఇవ్వలేదు, తీసుకుపోనూ లేదు. "మరి మంగళవారం తెలిసినదానివి, బుధవారం ఈయన ఎదురుగా నిలబడితే నోట్లో ఏం పెట్టుకున్నావమ్మా?"

"భయం వేసింది పిన్నీ."

"మాకు వెయ్యలేదనుకున్నావా?"

గ్లాసు అక్కడే ఉంది. హెలెన్ తాగకుండానే లేచింది. లాజరు స్కూటీ దాకా వచ్చాడు. "సారుకి చెబుతావా?" అని మాత్రం అడిగాడు. ఆమె తలూపింది. ఆ తలూపడం ఎంతవరకు నమ్మచ్చో కొలుస్తున్నట్టు చూశాడు.

శుక్రవారం పది గంటలకి హెలెన్ అద్దాల గదిలోకి వెళ్ళి కూర్చోకుండానే చెప్పేసింది. లాగ్ కాగితం బల్ల మీద పెట్టింది.

బసవపున్నయ్య గారు దాన్ని చూడలేదు.

"తెలుసమ్మా."

"ఏంటండీ?"

"ఉయ్యూరులో కరెంటు ఎన్నింటికి పోయిందో మంగళవారమే కనుక్కున్నాను. లాజరు ఫోటో కూడా పంపాడు. మైనస్ పందొమ్మిదంటే ఏంటో నాకు తెలీదా? స్తంభాలెక్కి పైకొచ్చినోణ్ణి." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "ప్రిన్సిపాల్‌కి అప్పటికప్పుడు ఒక మనిషి కావాలి. సెట్టింగు తప్పంటే ఆయనకి అర్థం కాదు. నొక్కేశాడంటే అర్థమవుతుంది. పైగా నువ్వేగా రాసిచ్చావు, ఇది ఎక్కితే తిప్పమని ఫోన్ చేసే మనిషి అక్కర్లేదని. కొండమీది కోతిని తెచ్చిచ్చినట్టు భలే తెచ్చావు. వాణ్ణి ఎట్టాగూ తీసేద్దామనే ఉన్నాను."

హెలెన్ నిలబడే ఉంది. డీమన్ పెట్టుకుందామని తను రాసిచ్చిన ఆ రెండు పేజీల్లో ఆ వాక్యం ఎక్కడుందో ఆమెకి కళ్ళకి కట్టినట్టు కనబడింది.

ఆయన సొరుగు లాగి కవరు తీశారు. "ఇదిగో, నీ పర్మనెంట్ కాగితం. మంగళవారం సంగతి నీకూ నాకూ మధ్యే ఉంటుంది. నా దగ్గర భద్రంగా ఉంటుంది. హాయిగా పని చేసుకో."

ఎంతో దయగా అన్నారు. నాలుగు రోజులుగా పట్టిన భయమంతా ఒక ఎత్తు, ఆ మాటకి ఒంట్లోకి దిగిన చలి ఒక ఎత్తు. తప్పు బయటపడుతుందని ఇన్నాళ్ళూ వణికింది. బయటపడకుండా ఈ సొరుగులో ఉంటుందట. కావలసినప్పుడు తీస్తారట.

కవరు బల్ల మీదే వదిలేసి తన కుర్చీ దగ్గరికి వచ్చింది. లాజరు పోగా మిగిలిన లైన్‌మన్లు పదకొండు మంది, బసవపున్నయ్య గారు, తను ఉన్న వాట్సాప్ గ్రూపు తెరిచింది. రెండుసార్లు రాసి చెరిపింది. మూడోసారి ఇలా రాసింది: "మంగళవారం నెట్టు పోయింది నేను పెట్టిన తప్పు సెట్టింగు వల్ల. లాజరు గారి జాయింట్ సరిగ్గానే ఉంది. ఈ సంగతి నాకు మంగళవారమే తెలుసు. సార్‌కీ తెలుసు. హెలెన్."

చివరి ముక్క రాయాలా వద్దా అని ఆగింది. బొటనవేలు దానంతటదే నొక్కేసింది.

ఒక్కొక్కరు చూసినట్టు టిక్కులు మారుతున్నాయి. అద్దాల వెనక బసవపున్నయ్య గారు ఫోన్ చూశారు. ముఖం ఎత్తలేదు.

పదకొండూ నలభైకి హెలెన్ తెర మీద కంకిపాడు వరస ఎర్రబడింది. గోశాల దగ్గర ప్రొక్లెయిన్ కాలవ పూడిక తీస్తూ బందరు రోడ్డు ఫైబరుని వేళ్ళతో సహా లాగేసింది. ఆమె లేచి నిలబడింది. ఒక్క క్షణం. కంకిపాడు దారి మార్చుకుంది. ఉయ్యూరు మార్చుకుంది. ఆరు ఊళ్ళూ కరకట్ట వైపు తిరిగాయి. ఒక్క ఫోను మోగలేదు. ఏ ఇంట్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు.

బసవపున్నయ్య గారు గదిలోంచి బయటికి వచ్చి ఆ తెర చూశారు. గ్రూపు మాట ఎత్తలేదు. "చూశావా," అన్నారు, "మనిషితో పనిలేకుండా తిరిగింది."

"తిరిగిందండి. ఇప్పుడు ఆరు ఊళ్ళూ ఒక్క పోగు మీద ఉన్నాయి. కరకట్ట పక్క కూడా ఏదన్నా అయితే తిరగడానికి దారి లేదు. తెగింది అతకాలి. అది పెట్టెలకి రాదండి."

ఆయన తల తిప్పారు. గుమ్మంలో అంతోనీ నిలబడి ఉన్నాడు. గోశాల దగ్గర తెగిందని గ్రూపులో కబురు పెట్టి, వైరు కట్ట తీసుకోవడానికి వచ్చాడు. పక్కనే బల్ల మీద స్ప్లైసింగ్ మెషిన్.

"ఒరేయ్, మెషిన్ తీసుకుని గోశాల పో."

అంతోనీ మెషిన్ వంక చూశాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేనతికాక ఇంకెక్కడో కరెంటు పోతే, నొక్కేశానంటారు సార్. నేను పోను."

"ఇంకోణ్ణి పంపుతా."

"పంపండి. గ్రూపు చూడండి ముందు."

బసవపున్నయ్య గారు చూశారు. ఒకదాని కింద ఒకటి వచ్చి పడుతున్నాయి. ఎవరూ పెద్ద మాటలు రాయలేదు. నాకు జొరం. మా ఊళ్ళో ప్రార్థన ఉంది. బండి పాడైంది. నాకూ జొరం. పదకొండు మందిలో పదిమంది; పదకొండోవాడు ఎదురుగానే ఉన్నాడు.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తెర మీద మిగిలిన ఒక్క ఆకుపచ్చ గీత వంక చూస్తూ కూర్చున్నారు. మొదటిసారి ఆయన మెడ మీద చెమట కనిపించింది హెలెన్‌కి.

"లాజరుకి ఫోన్ కొట్టు," అన్నారు చివరికి.

అంతోనీ కదల్లేదు. "ఫోన్లోనే కదా సార్ పొమ్మన్నారు. మళ్ళీ ఫోన్లోనే రమ్మంటే ఎత్తుతాడా?"

బసవపున్నయ్య గారు జేబులో కారు తాళాలు తడుముకుని లేచారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. అడగాలా వద్దా అన్నట్టు నిలబడి, వెనక్కి చూడకుండానే అడిగారు.

"వాడి ఇల్లెక్కడ?"

పద్నాలుగేళ్ళు పనిచేసినవాడి ఇల్లు ఆయనకి తెలియదు. అంతోనీ నేల చూశాడు.

"తోట్లవల్లూరు దాటాక కరకట్ట దిగాలండి," అంది హెలెన్. "చర్చి పక్క సందు. రేకుల పంచ. ఆవిడ పేరు మణెమ్మ."

"నువ్వు కూడా రా. ఆ సెట్టింగు సంగతేదో నువ్వే చెబుదువు గాని."

"నేను చెప్పేశానండి. ఇంక మీరు చెప్పేదే ఉంది."

ఆయన ఆమె వంక చూశారు. ఆ చూపులో ఏముందో, రేపు ఈ కుర్చీ తనకి ఉంటుందో ఊడుతుందో హెలెన్‌కి తెలియలేదు. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వీధిలో కలిసిపోయేదాకా నిలబడే ఉంది. తర్వాత కూర్చుంది. తెర మీద మిగిలిన ఆ ఒక్క ఆకుపచ్చ గీత మీదే కళ్ళు పెట్టుకుంది.